మీ తరగతికి మీరే ఒక యాప్: ఒత్తులు తప్పే పిల్లల కోసం, మొదటి నుంచి చివరి దాకా

"గడ్డి" అని డిక్టేషన్ చెబితే రెండో తరగతిలో కొందరు "గడి" అని రాస్తారు, ఇంకొందరు "గండి" అని రాస్తారు. మార్కులు వేసేటప్పుడు రెండూ తప్పే. కానీ ఈ రెండు తప్పులు ఒకటి కావు. "గడి" రాసిన పాపకు అక్షరం ఒత్తి పలికిన సంగతే చెవికి అందలేదు. "గండి" రాసిన బాబుకు అక్కడ ఏదో అదనంగా ఉందని తెలిసింది, అది ఒత్తో సున్నో తేల్చుకోలేక సున్న పెట్టేశాడు. ఇద్దరికీ చెప్పాల్సిన పాఠం వేరు.

ప్లే స్టోర్‌లో తెలుగు అక్షరాల యాప్‌లకు కొదవ లేదు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, రంగురంగుల బొమ్మలు, మధ్యలో ప్రకటనలు. మీ తరగతిలో ఎవరు ఎక్కడ తడబడుతున్నారో వాటికి తెలియదు, తెలిసే దారీ లేదు. తెలిసింది మీకే, ఎందుకంటే ఆ నోటు పుస్తకాలు దిద్దేది మీరు. టీచరే యాప్ తయారు చేసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదొక్కటే. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. ఒక్క తప్పును పట్టుకుని, దాని కోసం ఒక్క స్క్రీన్ ఉన్న యాప్ చేద్దాం. పిల్లలకు మీ గొంతు వినిపిస్తుంది, తెర మీద మూడు మాటలు కనిపిస్తాయి, విన్న మాటను వాళ్లు ముట్టుకోవాలి. అంతే.

ముందు నోటు పుస్తకాలు, ఆ తర్వాతే కంప్యూటర్

వారం పాటు డిక్టేషన్ పుస్తకాలు దిద్దుతూ, తప్పు రాసిన మాటలను ఎలా రాశారో అలాగే ఒక కాగితం మీద ఎక్కించండి. సరైన మాట పక్కన పిల్లలు రాసిన రూపం ఉండాలి. పేర్లు అక్కర్లేదు. ఆ కాగితమే మీ యాప్‌కు పునాది. పిల్లలు నిజంగా రాసిన తప్పులే రేపు యాప్‌లో తప్పు ఆప్షన్లుగా నిలబడతాయి. మనం ఊహించి పెట్టే తప్పు ఆప్షన్లు చాలాసార్లు మరీ తేలికైనవి అవుతాయి. "గడ్డి" పక్కన "ఏనుగు" పెడితే ఎవరైనా చెబుతారు.

ఆప్షన్లన్నీ అర్థమున్న మాటలైతే ఇంకా మంచిది. "గడి" కూడా మాటే, "గండి" కూడా మాటే. తెలంగాణ పల్లెల్లో గడి అంటే దొరల కోట అని పెద్దవాళ్లు చెబుతారు. మిగతా చోట్ల పిల్లలకు అది పట్టికలోని గడి. చెరువుకు గండి పడటం అందరికీ తెలుసు. ఇలా ఉంటే పిల్లలు అక్షరాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకోకుండా, మాటను మాటగా వింటారు. మొదటి యాప్‌కు ఈ అయిదు వరుసలు చాలు:

గడి, గడ్డి, గండి
బండి, బడి, బిడ్డ
అందం, అర్థం, అద్దం
కప్ప, కంప, కాపు
పుట్ట, పూట, పుంత

చివరి వరుసలోని "పుంత" గోదావరి జిల్లాల పిల్లలకు బాగా తెలుసు, అది పొలాలకు పోయే బండ్ల దారి. మీ ఊళ్లో ఆ మాట లేకపోతే తీసేసి "పంట" పెట్టండి. మాటలు మీ ఊరివి కావాలి.

ఆ తర్వాత తెల్ల కాగితం మీద ఫోన్ తెర బొమ్మ గీయండి. పైన "విను" అనే పెద్ద బటన్, దాని కింద మూడు మాటల బటన్లు, వాటి కింద ఒక వాక్యం చూపే చోటు, అడుగున "తర్వాత". ఇంతకు మించి గీయాలనిపిస్తే ఆపేయండి. స్టార్లు, పాయింట్లు, చప్పట్ల చప్పుడు, లాగిన్ పేజీ ఇప్పుడు వద్దు. మొదటి యాప్ పూర్తి కాకుండా ఆగిపోవడానికి చాలాసార్లు ఇవే కారణం.

మీ గొంతు రికార్డు చేయడం

ఫోన్లో కంప్యూటర్ గొంతు తెలుగు చదివి పెట్టే సౌకర్యం ఉంది, యాప్‌లో దాన్నీ వాడొచ్చు. కానీ ఒత్తుల పాఠానికి నేను దాన్ని వాడమనను. "గడ్డి" అనే మాటలో ఒత్తు దగ్గర ఎంత నొక్కాలో, ఎంత సేపు ఆగాలో టీచరుకు తెలుసు. పైగా పిల్లలు రోజూ వినేది మీ గొంతే, మీ యాసే.

ఫోన్లో ఉండే వాయిస్ రికార్డర్ వాడండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు, అది వేరే రకం ఫైలుగా సేవ్ అవుతుంది. మధ్యాహ్న భోజనం గంటలో రికార్డు చేస్తే పళ్లేల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. బడి వదిలాక, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. ఒక్కో మాటను ఒక్కో ఫైలుగా తీయండి. మాట రెండుసార్లు చెప్పాలి: ఒకసారి మామూలుగా, కాస్త ఆగి ఇంకోసారి నిదానంగా. సాగదీసి "గడ్‌...డి" అని విరవకండి, బయట ఎవరూ అలా మాట్లాడరు.

ఒక్కో వరుసలో యాప్ వినిపించే సరైన మాట ఒక్కటే: గడ్డి, బండి, అద్దం, కంప, పుట్ట. ఈ అయిదు మాటలకు అయిదు ఫైళ్లు వస్తాయి. వాటి పేర్లు మార్చాలి. ఇంగ్లీషు చిన్న అక్షరం ఎస్, దాని పక్కనే అంకె, మధ్యలో ఖాళీ లేకుండా: ఎస్1, ఎస్2, ఇలా ఎస్5 వరకు. మొదటి వరుసలోని సరైన మాటకు ఎస్1, రెండో వరుసకు ఎస్2. ఈ వరుస తప్పితే యాప్ "బండి" అని పలికి "గడ్డి" కోసం చూస్తుంది. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఏముందో, అంటే ఎంపీ3నో ఎం4ఏనో, కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత అవసరం పడుతుంది.

ఏ పనిముట్టు

నేను చెప్పబోయేది ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ గురించి. ఇది 2010లో గూగుల్‌లో మొదలైంది, 2012 నుంచి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నడుపుతోంది. పూర్తిగా ఉచితం. కోడ్ టైపు చేసే పని లేదు. రంగురంగుల ముక్కలను లాగి ఒకదానికొకటి తగిలిస్తే అదే కోడ్ అవుతుంది. పిల్లలకు స్క్రాచ్ అనే ముక్కల కోడింగ్ నేర్పిన టీచర్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

గూగుల్ షీట్‌ను యాప్‌గా మార్చే గ్లైడ్, యాప్‌షీట్ లాంటివీ ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాల జాబితాకో, సామాను లెక్కకో అవి తేలిక. కానీ వాటితో చేసిన యాప్‌కు వెనకాల సాధారణంగా ఇంటర్నెట్ కావాలి, ఖాతాలు కావాలి. యాప్ ఇన్వెంటర్‌తో చేసిన మన యాప్ ఫోన్లోకి ఒకసారి ఎక్కిందంటే నెట్ లేకుండానే పని చేస్తుంది. సిగ్నల్ కోసం మేడ ఎక్కాల్సిన బడులు మనకు ఇంకా ఉన్నాయి కదా.

కావాల్సినవి ఇవి: నెట్ ఉన్న కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్, అందులో క్రోమ్ బ్రౌజర్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్. యాప్‌ను ఫోన్లోనే తయారు చేయాలని చూడకండి, ఆ చిన్న తెర మీద ముక్కలు లాగడం కళ్లకు శిక్ష.

సెర్చ్‌లో ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ అని కొట్టి, ఆ సైటులోని "క్రియేట్ యాప్స్" బటన్ నొక్కండి. జీమెయిల్‌తో లాగిన్ అవ్వొచ్చు. బడి కంప్యూటర్లో సొంత మెయిల్ తెరవడం ఇష్టం లేకపోతే ఖాతా లేకుండా కూడా మొదలుపెట్టొచ్చు, అప్పుడు అది ఒక రీవిజిట్ కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ పోతే పని మొత్తం పోయినట్టే, కాబట్టి డైరీలో రాసుకోండి. నా సలహా మాత్రం జీమెయిలే. కారణం కింద, యాప్‌ను పంచే చోట చెబుతాను.

కొత్త ప్రాజెక్ట్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉండాలి, తెలుగు ఒప్పుకోదు. దిగులు పడకండి. లోపల ప్రాపర్టీస్‌లో "యాప్ నేమ్" దగ్గర "ఒత్తుల ఆట" అని తెలుగులో పెడితే ఫోన్లో ఐకాన్ కింద అదే పేరు కనిపిస్తుంది.

తెర సిద్ధం చేయడం

ఇప్పుడు మీరు ఉన్న పేజీ పేరు "డిజైనర్". ఎడమ పక్క వస్తువుల అర ఉంటుంది, మధ్యలో ఫోన్ తెర, కుడి పక్క ఆ వస్తువు లక్షణాలు. ఎడమ నుంచి పట్టుకుని మధ్యలో వదలడమే పని.

కాగితం మీద గీసిన వరుసలోనే అయిదు బటన్లు, వాక్యం చూపే ఒక లేబుల్ లాగి వదలండి. "మీడియా" అరలోంచి "ప్లేయర్"ను, "స్టోరేజ్" అరలోంచి "టైనీడీబీ"ని కూడా తెర మీద వదలండి. మొదటిది గొంతు వినిపించడానికి, రెండోది లెక్కలు దాచిపెట్టడానికి. ఈ రెండూ తెర మీద కనిపించవు, అడుగున విడిగా చేరతాయి. ఆ తర్వాత మీడియా పెట్టెలో "అప్‌లోడ్ ఫైల్" నొక్కి అయిదు గొంతు ఫైళ్లనూ ఎక్కించండి.

బటన్లకు "బటన్1, బటన్2" అనే పేర్లు వాటంతట అవే వస్తాయి. "రీనేమ్" నొక్కి వెంటనే మార్చేయండి: విను, మాట1, మాట2, మాట3, తర్వాత. లేబుల్‌కు ఫలితం అని పెట్టండి. ఈ లోపలి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, పిల్లలకు అవి కనిపించవు. ఇప్పుడు బద్ధకించి వదిలేస్తే, రేపు ముక్కలు తగిలించేటప్పుడు బటన్3 ఏదో బటన్4 ఏదో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

తెలుగు కోసం ప్రత్యేకంగా చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది అక్షరాల సైజు. ఇంగ్లీషు యాప్‌లలో సరిపోయే సైజులో మన ఒత్తు చీమంత కనబడుతుంది. ఈ యాప్‌లో చూడాల్సింది ఆ ఒత్తునే కాబట్టి మాటల బటన్లకు ఫాంట్ సైజును 36 కంటే తగ్గించకండి. బటన్ ఎత్తును అంకెతో బిగించకుండా "ఆటోమేటిక్"లోనే వదలండి, లేకపోతే కింది ఒత్తు తెగి సగమే కనిపిస్తుంది. వెడల్పుకు "ఫిల్ పేరెంట్" ఎంచుకోండి.

రెండోది టైపింగ్. ప్రశ్నపత్రాలు చేసిన అలవాటుతో చాలామంది టీచర్ల దగ్గర అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు ఉంటాయి. అందులోంచి కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అది ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే యూనికోడ్ కాదు. ఫోన్ కీబోర్డుతో తెలుగులో టైపు చేసి, ఆ మెసేజ్‌ను వాట్సాప్ వెబ్‌లో తెరిచి కాపీ చేసుకోవడం అన్నిటికంటే తేలిక దారి.

ముక్కలు తగిలించడం

కుడి పై మూలలో "బ్లాక్స్" నొక్కండి. పేజీ ఖాళీగా కనిపిస్తుంది, భయపడకండి. ఇక్కడ మనం చెప్పాల్సినవి ముచ్చటగా మూడు సంగతులు: ఏ మాటలు ఉన్నాయి, ప్రశ్న ఎలా చూపించాలి, జవాబు ఎలా సరిచూడాలి.

మొదట మాటలు. "వేరియబుల్స్" అరలోంచి "ఇనిషియలైజ్ గ్లోబల్" ముక్కను అయిదుసార్లు లాగండి. వాటికి పేర్లు నంబరు, వరుస1, వరుస2, వరుస3, జవాబు, ఇవీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. నంబరుకు 1 అనే అంకె తగిలించండి. మిగతా నాలుగు జాబితాలు. ఒక్కో మాటకు ఒక్కో ముక్క లాగుతూ కూర్చుంటే పొద్దు పోతుంది, దానికో దగ్గర దారి ఉంది. "లిస్ట్స్" అరలో "లిస్ట్ ఫ్రమ్ సీఎస్‌వీ రో" అనే ముక్క ఉంటుంది. దానికి ఒకే ఒక టెక్స్ట్ ముక్క తగిలించి, మాటలను కామాలతో రాస్తే అదే జాబితాగా విడదీసుకుంటుంది. కామా పక్కన ఖాళీ వదలొద్దు.

వరుస1: గడి,బండి,అందం,కప్ప,పుట్ట
వరుస2: గడ్డి,బడి,అర్థం,కంప,పూట
వరుస3: గండి,బిడ్డ,అద్దం,కాపు,పుంత
జవాబు: గడ్డి,బండి,అద్దం,కంప,పుట్ట

నిలువుగా చదివితే ఒక్కో ప్రశ్న కనిపిస్తుంది. సరైన మాట ఒకసారి మధ్య బటన్ మీద, ఒకసారి పైన, ఒకసారి కింద వచ్చేలా పెట్టాం. ఎప్పుడూ ఒకే చోట వస్తే పిల్లలు రెండు నిమిషాల్లో పసిగట్టేస్తారు.

జవాబు జాబితాలోని మాటలను మళ్లీ టైపు చేయకండి, పై వరుసల్లోంచే కాపీ చేసి పెట్టండి. మనకు "కాళ్ళు", "కాళ్లు" రెండూ ఒకటే. యాప్‌కు మాత్రం అవి వేరు వేరు మాటలు. కంటికి కనపడని ఖాళీ ఒకటి చివర చేరినా అంతే. పాప సరైన మాట ముట్టుకున్నా యాప్ తప్పంటుంది, ఆ పాప తననే అనుమానించుకుంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో జరగకూడని పొరపాటు ఇదే.

రెండో సంగతి, ప్రశ్న చూపించడం. "ప్రొసీజర్స్" అరలోంచి "టు ప్రొసీజర్ డూ" ముక్క తెచ్చి దానికి చూపు అని పేరు పెట్టండి. దాని కడుపులో వరుసగా తగిలించాల్సినవి:

మాట1 టెక్స్ట్‌గా, వరుస1 జాబితాలో నంబరు చోట ఉన్న మాట పెట్టు. దీనికి "సెలెక్ట్ లిస్ట్ ఐటమ్" ముక్క కావాలి. మాట2కు వరుస2, మాట3కు వరుస3 అలాగే.
మూడు మాటల బటన్లూ కనపడాలి, అంటే "విజిబుల్" ట్రూ. తర్వాత బటన్ కనపడకూడదు, ఫాల్స్.
ఫలితం లేబుల్ ఖాళీ.
ప్లేయర్ "సోర్స్"గా "జాయిన్" ముక్కతో మూడు భాగాలు అతికించు: ఎస్ అక్షరం, నంబరు, చివర చుక్కతో పాటు మీరు రాసిపెట్టుకున్న ఫైలు రకం.
చివరగా "కాల్ ప్లేయర్ స్టార్ట్".

ఆ జాయిన్ ముక్క వల్లే ఫైళ్లకు అంకెల పేర్లు పెట్టుకున్నాం. నంబరు 3 అయితే యాప్ తనంతట తానే ఎస్3 ఫైలును వెతుక్కుంటుంది. రేపు మాటలను ముప్పైకి పెంచినా ఈ ముక్కలను ముట్టుకోవాల్సిన పని లేదు.

"వెన్ స్క్రీన్1 ఇనిషియలైజ్" ముక్కలో "కాల్ చూపు" పెడితే, యాప్ తెరవగానే మొదటి ప్రశ్న వచ్చి మీ గొంతు వినిపిస్తుంది. విను బటన్ క్లిక్‌కు "కాల్ ప్లేయర్ స్టార్ట్" ఒక్కటే.

మూడో సంగతి, సరిచూడటం. ఇంకో ప్రొసీజర్ తెచ్చి సరిచూడు అని పేరు పెట్టండి. దాని మీద చిన్న నీలం గేరు గుర్తు నొక్కి ఒక ఇన్‌పుట్ చేర్చండి, పేరు విన్నది. లోపల "ఇఫ్ దెన్ ఎల్స్". విన్నది అనే మాట, జవాబు జాబితాలో నంబరు చోట ఉన్న మాటతో సమానమా అని ఇఫ్ దగ్గర అడగాలి.

సమానమైతే ఏం జరగాలన్న దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి. "శభాష్" అని చూపించి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవడం అందరూ చేసే పని. నేను ఇంకోలా చేయమంటాను. మూడు మాటల బటన్లనూ మాయం చేయండి, అంటే విజిబుల్ ఫాల్స్. ఫలితం లేబుల్‌లో "సరిగ్గా విన్నావు. ఇప్పుడు చూడకుండా పలక మీద రాయి" అని పెట్టండి. తర్వాత బటన్‌ను కనపడేలా చేయండి. మూడింటిలో ఒకటి ముట్టుకోవడం గుర్తుపట్టడం మాత్రమే, రాయడం కాదు. మాట కళ్ల ముందు నుంచి పోయాక, చెవిలో ఉన్న దాన్ని చేత్తో రాసినప్పుడే ఒత్తు కుదురుతుంది. ఈ ఒక్క ముక్క వల్ల మన యాప్ పిల్లవాడిని ఫోన్ వైపు నుంచి పలక వైపు తిప్పుతుంది.

సమానం కాకపోతే ఎర్ర గుర్తు, గద్దింపు చప్పుడు వద్దు. "మళ్లీ విను" అని చూపించి, ప్లేయర్‌ను మళ్లీ మోగించండి.

మాట1 క్లిక్ అయినప్పుడు "కాల్ సరిచూడు", దాని పక్కన మాట1 టెక్స్ట్ తగిలించండి. మిగతా రెండింటికీ అలాగే. తర్వాత బటన్ క్లిక్ అయితే నంబరుకు 1 కలిపి, అది జవాబు జాబితా పొడవును దాటితే మళ్లీ 1 చేసి, "కాల్ చూపు".

తప్పులను లెక్కపెట్టే చిన్న డబ్బా

యాప్ ఇక్కడితో పని చేస్తుంది. కానీ టీచరుగా మీకు పనికొచ్చే అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. ఏ మాట దగ్గర తరగతి ఎక్కువగా జారుతోందో యాప్ గుర్తుపెట్టుకోవాలి.

సరిచూడులోని ఎల్స్ భాగంలో ఇంకో ముక్క చేర్చండి: "కాల్ టైనీడీబీ స్టోర్ వాల్యూ". ట్యాగ్ దగ్గర నంబరు. విలువ దగ్గర, అదే ట్యాగ్‌తో "గెట్ వాల్యూ" తెచ్చి దానికి 1 కలపండి. ఏమీ లేకపోతే 0 ఇవ్వమని గెట్ వాల్యూలోనే చోటు ఉంటుంది, అది నింపడం మరవకండి.

చూడటానికి వేరే పేజీ అక్కర్లేదు. "వెన్ విను లాంగ్ క్లిక్" అనే ముక్క ఉంది, బటన్‌ను నొక్కి పట్టుకుంటే పని చేస్తుంది. అందులో ఫలితం లేబుల్‌ను ఖాళీ చేసి, "ఫర్ ఈచ్ నంబర్" ముక్కతో 1 నుంచి జాబితా పొడవు దాకా తిరుగుతూ, ఒక్కో మాటనూ దాని తప్పుల లెక్కనూ లేబుల్‌కు అతికించండి. ఒక్కో మాట తర్వాత కొత్త లైను కోసం టెక్స్ట్ ముక్కలో బ్యాక్‌స్లాష్, ఇంగ్లీషు చిన్న ఎన్ రాస్తే చాలు.

శనివారం ఒకసారి నొక్కి చూడండి. "అద్దం" దగ్గర లెక్క ఎక్కువుంటే, పిల్లలకు ద ఒత్తుకూ, థ ఒత్తుకో సున్నకో తేడా వినబడటం లేదని అర్థం. సోమవారం నల్లబల్ల మీద ఏం మొదలుపెట్టాలో తెలిసిపోయింది.

ఈ లెక్కలో పిల్లల పేర్లు లేవని గమనించారు కదా. కావాలనే అలా పెట్టాం. పేరు, ఫోటో, ఆధార్, తల్లిదండ్రుల నంబరు, ఏదీ యాప్ అడగకూడదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, ఎవరు ఎన్ని తప్పులు చేశారన్న చిట్టా ఒక ఫోన్లో పేర్లతో సహా తిరగడం ఏ పిల్లవాడికీ మంచిది కాదు.

ఫోన్లో చూసుకోవడం

ప్లే స్టోర్ నుంచి "ఎంఐటీ ఏఐ2 కంపానియన్" ఫోన్లో వేసుకోండి. కంప్యూటర్లో "కనెక్ట్" మెనూలో "ఏఐ కంపానియన్" నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. కంపానియన్‌తో స్కాన్ చేస్తే మీ యాప్ ఫోన్లో కనిపిస్తుంది. కంప్యూటర్లో మాట మారిస్తే ఫోన్లో వెంటనే మారుతుంది.

కనెక్ట్ కాకపోతే చాలాసార్లు కారణం ఒకటే: ఫోన్ ఒక నెట్ మీద, ల్యాప్‌టాప్ ఇంకో నెట్ మీద ఉంటాయి. రెండింటినీ ఒకే వైఫైకి కలపండి. బడిలో వైఫై లేకపోతే తోటి టీచరు ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టించుకుని రెండూ దానికే కలపొచ్చు.

గొంతు రాకపోతే ముందు ఫైలు పేరు చూడండి. పెద్దక్షరం ఎస్ ఉందా, చివర ఎంపీ3 బదులు ఎం4ఏ ఉందా. దాదాపు ఎప్పుడూ తప్పు అక్కడే దొరుకుతుంది. అన్ని బటన్లకూ "మళ్లీ విను" అంటుంటే జవాబు జాబితాలో ఖాళీ ఏదో చేరింది.

ఆ తర్వాత ఒక్క పిల్లవాడిని పిలిచి ఫోన్ చేతికివ్వండి. ఏమీ చెప్పకండి. ఇది కష్టమే, "అది నొక్కు నాన్నా" అనాలని నోటి దాకా వస్తుంది. అయినా ఊరుకుని వాడి వేలు ఎటు పోతోందో చూడండి. విను బటన్‌ను గుర్తించకపోతే దాని రంగు మార్చాలి. మాట పూర్తిగా వినకుండానే ముట్టుకుంటున్నాడంటే, మాట అయ్యేదాకా బటన్లు పని చేయకుండా ఆపాలి. అందుకు ప్లేయర్‌కు "కంప్లీటెడ్" అనే ముక్క ఉంది: చూపులో మూడు బటన్ల "ఎనేబుల్డ్" ఫాల్స్ పెట్టి, కంప్లీటెడ్‌లో ట్రూ చేయండి.

అందరి ఫోన్లలోకి

"బిల్డ్" మెనూలో ఆండ్రాయిడ్ యాప్, అంటే ఏపీకే, ఎంచుకోండి. కాసేపటికి క్యూఆర్ కోడ్, డౌన్‌లోడ్ బటన్ వస్తాయి. ఆ క్యూఆర్ కోడ్ కొద్దిసేపే పని చేస్తుంది కాబట్టి ఫైలును డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడమే మేలు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపొచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది, ప్లే స్టోర్ బయటి యాప్ కాబట్టి. తోటి టీచర్లకు ముందే చెప్పండి: ఇది నేను చేసింది, నా చేతి మీదుగా వచ్చింది కాబట్టే అనుమతి ఇవ్వండి, పని అయ్యాక ఆ అనుమతిని మళ్లీ తీసేయండి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల పేరుతో మోసాలు జరుగుతున్న కాలం ఇది. అందుకే తల్లిదండ్రుల గ్రూపులోకి ఏపీకే పంపడాన్ని నేను ఒప్పుకోను. ఫోన్‌కు వచ్చే ఏ ఫైలైనా తెరవొచ్చన్న అలవాటు మన చేత్తో మనమే నేర్పినట్టవుతుంది. తల్లిదండ్రుల సమావేశం రోజున ఎదురుగా కూర్చుని వేసివ్వండి.

జీమెయిల్‌తో లాగిన్ అవ్వమన్నది ఇందుకు: ఏపీకే మీద మీ ఖాతాకు చెందిన ముద్ర ఒకటి పడుతుంది. మాటలు మార్చి రెండో రూపం చేసినప్పుడు, అదే ఖాతా నుంచి చేస్తేనే అది పాతదాని మీద సాఫీగా ఎక్కుతుంది. వేరే ఖాతా నుంచి చేస్తే ఫోన్ ఒప్పుకోదు. అప్పుడు పాత యాప్‌ను తీసేయాలి, తీసేస్తే దానితో పాటు తప్పుల లెక్క కూడా పోతుంది. ప్రతి కొత్త రూపానికీ ప్రాపర్టీస్‌లో "వెర్షన్ కోడ్"ను ఒకటి పెంచండి.

ఐఫోన్లకు ఈ దారి పనికిరాదు. ఐఫోన్ యాప్ పంచాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టే యాపిల్ డెవలపర్ ఖాతా ఉండాలి. అమెరికాలో వారాంతపు తెలుగు తరగతులు చెప్పేవాళ్లకు ఇది పెద్ద అడ్డే, అక్కడ ఇళ్లలో ఐఫోన్లే ఎక్కువ. వాళ్లు ఒక పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను తరగతి కోసం కొని పెట్టుకోవడం నయం.

తరగతిలో వాడేటప్పుడు

ఒక్క ఫోన్, పాతికమంది పిల్లలు. సాధారణంగా మన పరిస్థితి ఇదే, కాబట్టి దాన్ని బట్టే నడపాలి. మిగతావాళ్లు రాత పని చేసుకుంటుంటే నలుగురు చొప్పున పిలవండి. ఒకరు ముట్టుకుంటారు, ముగ్గురు పలకల మీద రాస్తారు, వంతు మారుతుంది. తరగతిలో టీవీ ఉండి ఫోన్ తెరను దాని మీద చూపించగలిగితే అందరూ ఒకేసారి వినొచ్చు. అప్పుడు వేళ్లు ఎత్తమనండి: పైమాటకు ఒకటి, మధ్యమాటకు రెండు, కిందిమాటకు మూడు. పది నిమిషాలు చాలు. అంతకు మించితే చెవులు పని చేయడం మానేసి వేళ్లు పని చేస్తాయి.

ఇంట్లో కోయ, సవర, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలున్న బడుల్లో ఈ యాప్ ఇంకో రకంగా అక్కరకొస్తుంది. గొంతు ఫైలులో మొదట వాళ్ల ఇంటి భాషలో మాట, వెంటనే తెలుగులో మాట ఉండాలి. ఆ గొంతు ఎవరిదంటే, ఊళ్లో ఒక అమ్మదో, అయిదో తరగతి అక్కదో. మీకు ఆ భాష రాకపోయినా యాప్ ఆ గొంతును బడిలోకి తెస్తుంది. ఎవరి గొంతైనా సరే, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, సరేనన్నాకే రికార్డు చేయండి. పిల్లల గొంతయితే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

అదే అచ్చుతో మిగతా సబ్జెక్టులకూ వెళ్లొచ్చు. ముక్కలన్నీ ఉన్నవే, మారేది నాలుగు జాబితాలూ గొంతు ఫైళ్లే. "ఏడెనిమిదులు" అని వినిపించి 54, 56, 63 చూపించొచ్చు. ఇంగ్లీషులో "షిప్" వినిపించి, షిప్, షీప్, చిప్ అనే మూడింటినీ ఇంగ్లీషు అక్షరాల్లో చూపించొచ్చు. ప్రాజెక్ట్స్ మెనూలో పాతదాన్ని "సేవ్ యాజ్" చేసి కొత్త పేరుతో మొదలుపెట్టండి, అసలుది చెడదు.

దగ్గరి బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో తోటి టీచర్లకు చూపిస్తే ఏపీకేతో పాటు ఏఐఏ ఫైలు కూడా ఇవ్వండి. "ప్రాజెక్ట్స్" మెనూలో "ఎక్స్‌పోర్ట్ సెలెక్టెడ్ ప్రాజెక్ట్" నొక్కితే అది వస్తుంది. ఏపీకే తీసుకున్నవాళ్లు మీ మాటలనే వాడాలి. ఏఐఏ తీసుకున్నవాళ్లు దాన్ని తమ ఖాతాలో తెరిచి, తమ పిల్లలు తప్పే మాటలు, తమ గొంతు పెట్టుకోవచ్చు. ఆ ఫైలు కాపీ ఒకటి బడి కంప్యూటర్లో, ఇంకొకటి మీ మెయిల్లో ఉంచండి. బదిలీ అయినప్పుడు మీ స్థానంలోకి వచ్చే టీచరుకు డిక్టేషన్ తప్పుల కాగితం, ఈ ఫైలు రెండూ కలిపి అప్పగించండి.